చేవకర్రపై మోజు – చేసేవాడి ఊపిరిపై వేటు

గిటార్ల లోకంలో ఒక మూఢనమ్మకం చాలాకాలంగా రాజ్యమేలుతోంది. కర్ర ఎంత బరువైనదైతే నాదం అంత గొప్పదట. చెట్టు ఎంత దూరదేశానిదైతే వాద్యం అంత విలువైనదట. నీటిలో వేస్తే మునిగిపోయేటంత చేవగల కర్రలను, అంటే మధ్య అమెరికా కొకొబొలోను, ఆఫ్రికా బ్లాక్‌వుడ్‌ను, దక్షిణ అమెరికా స్నేక్‌వుడ్‌ను వెదకి తెప్పించి, వాటితో గిటార్ వెనుక పలకలూ పక్క పలకలూ చేయడం గొప్పతనంగా చలామణి అవుతోంది. ఆ కర్ర పేరు చెబితేనే ధర పెరుగుతుంది. కొనేవాడి ఛాతీ పొంగుతుంది. చేసేవాడి ఛాతీ సంగతి మాత్రం ఎవరూ అడగరు.

సంగీతవాద్యాల కర్రతో వైద్యుడికి ఏమి పని అని పాఠకులు అడగవచ్చు. పని ఉన్నది. ఏ కర్ర అయినా వాద్యంగా మారడానికి ముందు కొంత పొడిగా మారుతుంది. ఆ పొడి గాలిలో తేలుతుంది, చర్మంపై వాలుతుంది, ముక్కులోకి, వాయునాళాలలోకి ప్రవేశిస్తుంది. కాబట్టి నా వాదాన్ని దాపరికం లేకుండా ముందే చెబుతున్నాను. గిటార్ దేహానికి అతిసాంద్రమైన విదేశీ కర్రలు వాడడం అనవసరం. వినేవాడికి దానివల్ల లాభమున్నదని ఋజువు కాలేదు. చేసేవాడికి నష్టమున్నదని ఋజువైంది. ఋజువు కాని లాభం కోసం ఋజువైన నష్టాన్ని మరొకరి శరీరంపై మోపడం కళ కాదు, అలక్ష్యం.

చేవలో దాగిన రసాయనాలు

మొదట కర్ర బరువును గురించి కొన్ని అంకెలు చూద్దాం. గిటార్ పై పలకకు వాడే స్ప్రూస్ కర్ర ఘనమీటరుకు సుమారు 400 నుండి 450 కిలోలు తూగుతుంది. మహోగని సుమారు 600 కిలోలు. మనం ఇరుగుడు, జిట్రేగి అని పిలిచే మన రోజ్‌వుడ్ సుమారు 830 కిలోలు. కొకొబొలో సుమారు 1100, స్నేక్‌వుడ్ సుమారు 1200, ఆఫ్రికా బ్లాక్‌వుడ్ సుమారు 1270 కిలోలు. ఘనమీటరు నీటి బరువు 1000 కిలోలే కనుక ఈ చివరి మూడూ నీట మునుగుతాయి.

ఈ బరువంతా ఉత్త పీచు బరువు కాదు. చెట్టు నడిమి భాగమైన చేవలో పురుగులనూ బూజునూ తట్టుకోవడానికి చెట్టు తన సొంత రక్షణ రసాయనాలను నిలువ చేసుకుంటుంది. చేవగల దూలానికి చెదలు పట్టవని మన పెద్దలు చెప్పే మాటకు కారణం ఇదే. పురుగును చంపే పదార్థం మనిషి శరీరాన్ని మాత్రం ముద్దాడుతుందని ఎందుకనుకోవాలి? రోజ్‌వుడ్ కుటుంబంలో, అంటే డాల్బెర్జియా జాతి కర్రలలో, డాల్బెర్జియోన్లు అనే క్వినోన్ జాతి రసాయనాలుంటాయి. కొకొబొలోలో ఆబ్ట్యుసాక్వినోన్ ఉంటుంది. ఆ కర్రలకు అంత అందమైన రంగునూ, కోయగానే వచ్చే పరిమళాన్నీ చూసి మురిసిపోయేవారు ఆ రంగు వెనుక, ఆ వాసన వెనుక ఉన్న రసాయన శాస్త్రాన్ని కూడా కాస్త చూడాలి.

"సహజమైనది కదా, హాని ఏముంటుంది?" అన్న మాట నేటి ఆరోగ్య ప్రచారాలన్నింటిలో అతి ప్రమాదకరమైన మాట. గన్నేరు సహజమైనదే. ఉమ్మెత్త సహజమైనదే. పాము విషం కన్నా సహజమైనది మరేముంది?

చర్మం నుండి మొదలు

క్వినోన్లు చర్మంలోని మాంసకృత్తులతో గట్టిగా బంధం ఏర్పరచుకుంటాయి. శరీర రక్షణ వ్యవస్థ ఆ కొత్త కలయికను పరాయిదిగా గుర్తించి జ్ఞాపకం పెట్టుకుంటుంది. ఈ దశలో పనివాడికి ఏమీ తెలియదు. కొన్ని వారాలో, నెలలో, ఒక్కొక్కప్పుడు ఏళ్ళో హాయిగా పని చేస్తాడు. "ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు, నాకు పడుతుంది" అని ధీమాగా ఉంటాడు. ఒకనాడు కనురెప్పలు ఉబ్బుతాయి. మెడ, ముంజేతులు ఎర్రబడి దురదతో రసికారుతాయి. పొడి తగిలిన ఒకటి నుండి మూడు రోజుల తరువాత ఇది బయటపడుతుంది కాబట్టి, నిన్న తిన్న వంకాయనో, మొన్న మార్చిన సబ్బునో అనుమానిస్తాడు కాని కర్రను అనుమానించడు. ఒకసారి ఈ అసహనం ఏర్పడితే చాలావరకు జీవితాంతం ఉంటుంది. ఆ తరువాత చిటికెడు పొడి చాలు.

శ్వాస సంగతీ ఇంతే. కర్రపొడి వల్ల వచ్చే ఉబ్బసం తరచుగా పని వేళ కాక సాయంత్రమో రాత్రో తలెత్తుతుంది. పగలు ఉలి పట్టిన మనిషి అర్ధరాత్రి ఆయాసంతో లేచి కూర్చుంటాడు. సెలవు దినాలలో తగ్గి, పనిలోకి వెళ్ళగానే మళ్ళీ వస్తుంటే అది వృత్తి సంబంధమైన ఉబ్బసమని అనుమానించాలి. తొలిదశలో ఆ ధూళికి దూరమైతే చాలామంది మెరుగుపడతారు. ఏళ్ళ తరబడి సాగితే పని మానినా ఉబ్బసం మానదు.

ఇంకొక మాట. గట్టి కర్రను ఉప్పుకాగితంతో రుద్దినప్పుడు సాధారణంగా మెత్తని కర్రకన్నా సన్నని పొడి వస్తుంది. కంటికి కనబడే రంపపు పొట్టు నేలపై పడుతుంది; దానిని ఊడ్చి పారవేస్తాం. అసలు శత్రువు కంటికి కనబడనిది. మిల్లీమీటరులో నూరవ వంతుకన్నా చిన్న రేణువులు గంటల తరబడి గాలిలో తేలుతూ, ముక్కులోని వడపోతను దాటి లోపలికి పోగలవు. గది శుభ్రంగా కనబడినంత మాత్రాన గాలి శుభ్రంగా ఉన్నట్లు కాదు.

ముక్కులో మొదలయ్యే క్యాన్సర్

ఇంగ్లండులోని హై వికోంబ్ పట్టణం కుర్చీలకు, గృహోపకరణాలకు పేరొందినది. 1960ల దశకంలో అక్కడి చెవి, ముక్కు, గొంతు వైద్యురాలు ఎస్మే హాడ్‌ఫీల్డ్ ఒక విచిత్రాన్ని గమనించారు. సాధారణ జనంలో చాలా అరుదైన నాసికా కుహరపు అడినోకార్సినోమా ఆ ప్రాంతపు వడ్రంగులలో పదేపదే కనిపిస్తోంది. ఆమె, ఆమె సహచరులు 1968లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆ వివరాలు ప్రచురించారు. మరుసటి ఏడే బ్రిటన్ దానిని వృత్తివ్యాధిగా గుర్తించింది. 1995లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కర్రపొడిని మొదటి వర్గంలో, అంటే మానవులలో క్యాన్సర్ కలిగిస్తుందని నిశ్చయంగా తేలిన పదార్థాల వర్గంలో చేర్చింది. పొగాకు పొగ ఉన్నది ఆ వర్గంలోనే. మొదటి వర్గమంటే ప్రమాదం రెండింటికీ సమానమని కాదు. సాక్ష్యం అంత గట్టిదని అర్థం.

నిజాయితీగా మరొకటి చెప్పాలి. ఈ క్యాన్సర్‌కు బలమైన ఆధారాలు ప్రధానంగా బీచ్, ఓక్ వంటి ఐరోపా గట్టి కర్రల నుండి వచ్చినవి. కొకొబొలో వాటికన్నా ఎక్కువ క్యాన్సర్ కలిగిస్తుందని నేను అనడం లేదు. అయితే ఆ వ్యాధి పొడికి గురైన తరువాత 30, 40 ఏళ్ళకు బయటపడవచ్చు. అందువల్ల "మా కార్ఖానాలో ఇంతవరకు ఎవరికీ రాలేదు" అన్నది వాదం కాదు. పాతికేళ్ళ యువకుడు పీల్చిన పొడికి అరవై ఐదేళ్ళ వృద్ధుడు లెక్క చెప్పవలసి వస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏమి లాభం?

ఐరోపా సమాఖ్య 2023 జనవరి నుండి గట్టి కర్రపొడి పరిమితిని, ఎనిమిది గంటల పనిదినపు సగటున, ఘనమీటరు గాలికి 2 మిల్లీగ్రాములకు తగ్గించింది. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ 1 మిల్లీగ్రాము దాటవద్దని ఏనాడో సిఫారసు చేసింది. ఆవగింజ కూడా కొన్ని మిల్లీగ్రాములు తూగుతుంది. ఒక నిలువు పెట్టె పరిమాణపు గాలిలో ఆవగింజకన్నా తక్కువ పొడి మాత్రమే ఉండాలన్నమాట. యంత్రంతో ఉప్పుకాగితం పట్టే చిన్న గదిలో ఈ హద్దు ఎంత తేలికగా దాటిపోతుందో ఊహించుకోవచ్చు.

చెవికి దొరకని తేడా

ఇంత నష్టానికి బదులుగా సంగీతానికి దక్కేది ఏమిటి? గిటార్ నాదంలో సింహభాగం పై పలకది. అది తేలికగా, బిగువుగా ఉండాలి; అందుకే తేలికైన స్ప్రూస్, సెడార్ కర్రలను దానికి వాడతారు. అంటే గిటార్‌కు గొంతునిచ్చేది బరువైన కర్ర కాదు, తేలికైన కర్ర. ఈ సత్యాన్ని స్పెయిన్‌కు చెందిన ఆంతోనియో దె తోర్రెస్ 1862లోనే చూపించాడు. నేటి గిటార్ రూపాన్ని తీర్చిదిద్దిన ఆ మహాశిల్పి పై పలకను స్ప్రూస్‌తో చేసి, వెనుక, పక్క భాగాలను కాగితపు అట్టతో నిర్మించాడు. ఆ వాద్యం నేటికీ బార్సిలోనా సంగీత ప్రదర్శనశాలలో ఉన్నది. తోర్రెస్ అట్టతో చెప్పిన మాట మనవారు బంగారం పోసి కొన్న కర్రతో మరచిపోయారు.

నూటయాభై ఏళ్ళ తరువాత ఇంగ్లండులోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనిని పరీక్షకు పెట్టారు. ఒకే శిల్పి చేత ఆరు గిటార్లు చేయించారు. అన్నింటికీ పై పలక, కొలతలు ఒకటే. వెనుక, పక్క పలకల కర్రలు మాత్రం వేరు. వాటిలో అత్యంత ఖరీదైన బ్రెజిల్ రోజ్‌వుడ్ ఉంది, మన రోజ్‌వుడ్ ఉంది, మహోగని, మేపుల్, సపేలె, వాల్‌నట్ ఉన్నాయి. 52 మంది వాదకులు మసక వెలుతురులో, వెల్డింగ్ కళ్ళద్దాలు పెట్టుకొని వాటిని వాయించారు. 2018లో వెలువడిన ఫలితం ఇది: నాదపు నాణ్యతకు వారిచ్చిన మార్కులలో చెప్పుకోదగిన తేడా లేదు, ధ్వనిని బట్టి గానీ స్పర్శను బట్టి గానీ ఏది ఏ గిటారో గుర్తించడం వారికి తేలిక కాలేదు. కళ్ళకు గంతలు కట్టగానే కర్ర గొప్పతనం కరిగిపోయింది. అంటే అది చెవిలో లేదు, కంటిలో ఉన్నది. ఇంకా చెప్పాలంటే ధరల పట్టికలో ఉన్నది.

"బ్రెజిల్ రోజ్‌వుడ్ పలకను తట్టి చూడండి, గంటలా మోగుతుంది" అంటారు. నిజమే, విడి పలక మోగుతుంది. కాని దానిని వంచి, జిగురుతో అతికి, అడ్డకమ్మీలు బిగించి, వాదకుడి పొట్టకు ఆనించి పట్టుకున్నాక అది విడి పలక కాదు. బజారులో కుండను తట్టి చూసినట్లు పలకను తట్టి వాద్యాన్ని అంచనా వేయలేము.

విద్యుత్ గిటార్ల విషయంలో ఈ మోజు మరీ విడ్డూరం. అక్కడ తీగ కంపనాన్ని అయస్కాంతం గ్రహిస్తుంది. బరువైన కర్రవల్ల నిస్సందేహంగా పెరిగేది బరువే. నాలుగైదు కిలోల వాద్యాన్ని ఒకే భుజానికి తగిలించుకొని గంటల తరబడి నిలబడే కుర్రవాళ్ళకు మెడనొప్పి, భుజంనొప్పి రావడంలో ఆశ్చర్యమేముంది?

చట్టం చెట్టును చూసింది, మనిషిని చూడలేదు

అంతరించిపోతున్న జాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ 1992లో బ్రెజిల్ రోజ్‌వుడ్‌ను అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో చేర్చింది. 2017 జనవరి 2 నుండి డాల్బెర్జియా జాతి మొత్తం నియంత్రణలోకి వచ్చింది. 2019 నవంబరులో, మొదటి అనుబంధంలో లేని రోజ్‌వుడ్ జాతులతో పూర్తిగా తయారైన వాద్యాలకు మినహాయింపునిచ్చారు. చెట్లను కాపాడే ఆ ఉద్దేశాన్ని నేను మనసారా స్వాగతిస్తాను.

కాని ఆ నడుమ ఏమి జరిగిందో చూడండి. అనుమతి పత్రాల బెడద తప్పించుకోవడానికి కొందరు ఉత్పత్తిదారులు దక్షిణ అమెరికాకు చెందిన పావ్ ఫెర్రో అనే కర్రకు మారారు. అది డాల్బెర్జియా కాదు, మాకీరియం జాతిది. కాబట్టి ఆ నియంత్రణ దానికి వర్తించలేదు. అయితే దానిలోని డైమిథాక్సీడాల్బెర్జియోన్ చర్మానికి అసహనం కలిగించే కర్ర రసాయనాలలో అత్యంత బలమైన వాటిలో ఒకటని చర్మవైద్యులకు అంతకుముందే తెలుసు. చట్టానికి లొంగే కర్రను వదలి చర్మాన్ని కాల్చే కర్రను పట్టుకున్నారు. పెనం మీద నుండి పొయ్యిలో పడడమంటే ఇదే. చెట్టు ప్రాణానికి ఒక ఒప్పందం ఉంది. ఉప్పుకాగితం పట్టేవాడి ప్రాణాన్ని ఆ ఒప్పందం పట్టించుకోదు.

ఎదురువాదాలకు జవాబు

కొందరంటారు: "తేలికైన కర్రలూ హాని చేస్తాయి కదా!" అవును. వెస్టర్న్ రెడ్ సెడార్ ఎంతో తేలిక. అయినా దానిలోని ప్లికాటిక్ ఆమ్లం ఉబ్బసానికి పేరుమోసిన కారణం. బరువే విషమని నేననడం లేదు. అనివార్యమైన ప్రమాదాన్ని జాగ్రత్తతో భరించవచ్చు. అనవసరమైన దానిని ఎందుకు కొని తెచ్చుకోవాలన్నదే నా ప్రశ్న. పై పలకకు తేలికైన కర్ర కావాలి, దానికి కారణం ఉంది. వెనుక పలకకు నీట మునిగే కర్ర కావాలనడానికి కారణం లేదు.

మరికొందరంటారు: "గట్టి కర్ర అవసరమైన చోట్లు లేవా?" ఉన్నాయి. క్లారినెట్‌కు ఆఫ్రికా బ్లాక్‌వుడ్, నాదస్వరానికి ఆచా కర్ర వాడడంలో అర్థముంది. ఊపిరి తేమకు, తరుగుకు ఆ గొట్టం తట్టుకోవాలి. గిటార్ మెట్ల పలకపై తీగలు, వేళ్ళు నిత్యం రాపిడి చేస్తాయి కాబట్టి అక్కడ గట్టిదనానికి పని ఉంది. ఆ సన్నని పట్టీకి పరిమితమైతే నా ఫిర్యాదు సగం తగ్గుతుంది. పని లేని చోట, కేవలం ఆడంబరం కోసం దేహమంతా అదే కర్రతో చేయడమే నేను ఖండిస్తున్నది.

ఇంకొక భయం కూడా తీర్చాలి. ఇంట్లో రోజ్‌వుడ్ గిటార్ ఉన్నవారు దానిని బయట పారవేయనక్కరలేదు. పూత పూసిన, తయారైన వాద్యం నుండి పొడి రాదు. కర్ర నేరుగా చర్మానికి తగిలే చోట అరుదుగా దద్దుర్లు వచ్చిన సందర్భాలు వైద్య గ్రంథాలలో ఉన్నాయి. వయొలిన్ గడ్డం పట్టీ అందుకు ఉదాహరణ. వాదకుడికి ముప్పు స్వల్పం. ముప్పంతా తయారీదారుది. కొనేవాడికి కనబడనిదే ఈ అన్యాయపు మూలం.

మన నేల చెప్పే పాఠం

విలువైన కర్రపై దూరదేశపు మోజు ఎక్కడ ఎవరి ప్రాణం తీస్తుందో తెలుగువారికి ఎవరూ నేర్పనక్కరలేదు. శేషాచలం కొండల ఎర్రచందనాన్ని జపానులో షామిసెన్ అనే తంత్రీవాద్యపు మెడకు మేలురకపు కర్రగా ఎంచుతారు. చైనాలో దానితో గృహోపకరణాలు చేస్తారు. ఆ గిరాకీ నడిపించే దొంగ వ్యాపారంలో చివరి మెట్టుపై ఉండేది పొట్టకూటి కూలీ. 2015 ఏప్రిల్‌లో ఆ అడవులలో ఒక్క రోజే పోలీసు కాల్పులలో 20 మంది మరణించారు. కర్ర సరిహద్దులు దాటింది. శవాలు ఇక్కడే మిగిలాయి.

మరొక పాఠం కూడా మన నేలలోనే ఉంది. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి శిల్పులు వీణను పనస కర్రతో చెక్కుతారు. మృదంగపు గొట్టమూ పనసదే. పనస నీట మునిగే కర్ర కాదు. సముద్రాలు దాటి రావలసినది కాదు. పెరట్లో పండ్లు కాసి, నీడనిచ్చి, ముదిరాక వాద్యమయ్యే చెట్టు. దానితో చేసిన వీణ నాదం తక్కువదని అనే సాహసం ఎవరికైనా ఉన్నదా? పనస పొడి కూడా పొడే కనుక ఆ శిల్పులకూ రక్షణ కావాలి. కాని దగ్గరి కర్రతో, తగినంత బరువుతో మహావాద్యం సాధ్యమని వారి ఉలి రోజూ ఋజువు చేస్తూనే ఉంది.

ఇక చేయవలసినది

కొనేవారు: "ఏ కర్ర?" అని అడిగే ముందు "ఎవరు, ఎలాంటి గదిలో చేశారు?" అని అడగండి. వాల్‌నట్, మేపుల్, మహోగని వంటి కర్రల గిటార్‌ను కళ్ళు మూసుకొని విని నిర్ణయించుకోండి. అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఇంటి గ్యారేజీలో సరదాకు గిటార్ చేసుకునే మన పిల్లలకు ఈ మాట మరీ ముఖ్యం. ఆ గ్యారేజీ తలుపు అవతలే పసిపిల్లలు ఆడుకుంటుంటారు.

చేసేవారు: పొడి పుట్టిన చోటే దానిని లాగివేసే యంత్రం మొదటి రక్షణ, ముఖానికి బిగుతుగా అమరిన ఎన్-95 రెండవది. జేబురుమాలు రక్షణ కాదు. గడ్డం పెంచినవారికి మాస్కు అంచుల నుండి గాలి చొరబడుతుంది. చీపురుతో ఊడ్వవద్దు, గాలి గొట్టంతో ఊదవద్దు. తడిగుడ్డతో తుడవండి, లేదా హెపా వడపోత ఉన్న వాక్యూమ్ వాడండి. నూనె కర్రలను అతికే ముందు అసిటోన్‌తో తుడిచేటప్పుడు కిటికీలు తెరవండి, నిప్పును దూరంగా ఉంచండి. పని బట్టలతో ఇంట్లోకి వెళ్ళవద్దు. ఒక్క ముక్కు రంధ్రమే తరచుగా మూసుకుపోతున్నా, అందులో నుండి నెత్తురు కలిసిన స్రావం వస్తున్నా, వారాల తరబడి తగ్గకపోతే జలుబని సరిపెట్టుకోక చెవి, ముక్కు, గొంతు వైద్యునితో లోపల పరీక్ష చేయించుకోండి. మీరు కర్రపని చేస్తారని తప్పక చెప్పండి.

వైద్యులు: 1700లో వృత్తివ్యాధులపై గ్రంథం రాసిన ఇటలీ వైద్యుడు రామజ్జినీ, రోగిని అడగవలసిన పాత ప్రశ్నలకు మరొకటి చేర్చమన్నాడు: నీవు ఏ పని చేస్తావు? మూడు శతాబ్దాలు గడిచినా మన ఔషధపు చీటీలలో ఆ ప్రశ్నకు చోటు దొరకలేదు. ఉబ్బసంతో వచ్చిన మనిషికి పీల్చే మందు రాసి పంపడం సగం వైద్యమే. అతడు పగలంతా ఏమి పీలుస్తున్నాడో అడగడం మిగిలిన సగం.

వాద్యం శ్రోతకు ఆనందాన్నివ్వాలి, వాదకుడికి తృప్తినివ్వాలి, శిల్పికి అన్నం పెట్టాలి. శిల్పి ఊపిరిని తీసుకొని మిగిలిన ఇద్దరికీ ఏమీ అదనంగా ఇవ్వని కర్రకు ఆ మూడింటిలో చోటు లేదు. దానిని అడవిలోనే ఉండనిద్దాం.